గంటా ఎనిమిది నిమిషాలు

మా ఊరి వాట్సాప్ గ్రూపు పెట్టింది నేనే. 2016 చివర్లో, జియో సిమ్ముల కోసం జనం గద్వాలలో షాపుల ముందు వరుసలు కట్టిన రోజుల్లో పెట్టాను. మా ఊరు నడిగడ్డలో ఉంటుంది. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర, నడుమ మేము. నేను ఉండేది మాత్రం హైదరాబాద్‌లో, ఒక దినపత్రిక జిల్లాల డెస్కులో సబ్ ఎడిటర్‌గా. ఊళ్లో ఎవరైనా పోతే దినాలయ్యాక తెలిసేది. ఆ బాధతో పెట్టిన గ్రూపు అది. మొదట్లో పదిహేను మందిమి. 2018 ఎండాకాలానికి రెండు వందలు దాటాం. కాల్వకు నీళ్లు ఎప్పుడు వదులుతారు, కరెంటు ఎన్నింటికి వస్తుంది, ఎవరింట్లో ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, అన్నీ అందులోనే. ఎవరిని చేర్చాలన్నా, ఎవరిని తీసేయాలన్నా నా చేతిలో పని.

ఆ చేత్తో నేను చేసిన పని ఒకటి, చేయకుండా ఊరుకున్న పని ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. రెండూ ఆరు వారాల తేడాలో జరిగాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది.

2018 ఏప్రిల్లో, మా ఊరి ఎస్సీ కాలనీ కుర్రాడొకడు గ్రూపులో ఒక ఫొటో పెట్టాడు. అప్పుడతను డిగ్రీ చదువుతున్నాడు. ఫొటోలో వాళ్లమ్మ. వీధి కుళాయి పక్కన గచ్చు మీద కూర్చుని ఉంది. ముందు నాలుగు ఖాళీ బిందెలు, ఒకటి స్టీలుది, మూడు ప్లాస్టిక్‌వి. ఎవరి బిందె ఎవరిదో తెలియడానికి ప్లాస్టిక్ బిందెల మెడ మీద తెల్ల పెయింటుతో అక్షరాలు రాసి ఉన్నాయి. కుళాయి కింద నేల ఎండి పగుళ్లు తీసింది. ఫొటో కింద అతను రాసింది రెండే మాటలు. ‘ఊర్ల రోజూ నీళ్లొస్తున్నయి. మా కాలనీకి వారం నుంచి ఎందుకు వస్తలేవో పెద్దలు చెప్పాలె.’

అరగంటలో నాకు నాలుగు ఫోన్లు వచ్చాయి. నలుగురూ నాకు వరసైనవాళ్లే. గ్రూపులో రాజకీయాలు వద్దని నియమం పెట్టింది నువ్వే కదా అన్నారొకరు. ఎవరో వెనక ఉండి రాయించారన్నారు ఇంకొకరు. నేను ఎవరినీ ఏమీ అడగలేదు. కాలనీకి నీళ్లు వస్తున్నాయా, రావడం లేదా అన్న ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అతని పేరు మీద వేలు ఆనించి, తీసేశాను. నిమిషం పట్టలేదు.

నా ఉద్యోగం ఏమిటో ఇందాక చెప్పాను. ఎండాకాలం వచ్చిందంటే ఖాళీ బిందెల ఫొటో లేని జిల్లా పేజీ ఉండదు. మండల కంట్రిబ్యూటర్ ఫొటో పంపిస్తాడు, ఏ ఊరు, ఎన్నాళ్ల నుంచి నీళ్లు లేవు, అధికారి ఏమన్నాడు అని నాలుగు ముక్కలు రాస్తాడు, నేను సరిచూసి హెడ్డింగు పెడతాను. ఆ నెలలోనే అలాంటి ఐటెమ్‌లు ఎన్నో నా చేతుల మీదుగా పేజీలోకి వెళ్లాయి. ఆ ఫొటోల్లోని ఆడవాళ్లు నాకు ఎవరూ కారు. వాళ్ల దాహం నాకు వార్త అయింది. మా ఊరి కుళాయి దగ్గర కూర్చున్న మనిషి దాహం నాకు రాజకీయమైంది. ఆమె నాకు తెలుసు కూడా. నా చిన్నప్పుడు మా పత్తి చేలో గూడలు గిల్లడానికి వచ్చేది.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో వాట్సాప్‌లో అడ్మిన్‌కు ఇంకొకరు పెట్టిన మెసేజ్‌ని చెరిపేసే వీలు లేదు. ఆ ఏర్పాటు 2022లో గానీ రాలేదు. 2018లో నా చేతిలో ఉన్నది మనిషిని తీసేసే మీట ఒక్కటే. అందుకే ఆ ఫొటో అందరి ఫోన్లలో అలాగే ఉండిపోయింది, పోయింది ఆ కుర్రాడే. అడిగిన మాట నచ్చకపోతే అడిగినవాణ్ని వెలి వేయడం మా ఊరికి కొత్త కాదు. మా తాతల కాలంలో రచ్చబండ దగ్గర, పదిమందీ చూస్తుండగా జరిగేది. నేను హైదరాబాద్‌లో గది తలుపు వేసుకుని, పడుకునే ముందు, ఎవరి ముఖమూ చూడకుండా చేశాను.

ఆ తర్వాతిది మే నెల.

పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న పుకారు ఆ నెలలో రెండు తెలుగు రాష్ట్రాలనూ కమ్మేసింది. పార్థీ గ్యాంగు, బీహార్ గ్యాంగు, చెడ్డీ గ్యాంగు అని రకరకాల పేర్లు. పార్థీలు ఒక సంచార తెగ. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం కింద బ్రిటిష్‌వాళ్లు పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన వాళ్లలో వాళ్లూ ఉన్నారు. 1952లో ఆ చట్టం పోయింది, ముద్ర పోలేదు. దానికి తోడు ఒక వీడియో దేశమంతా తిరిగింది. మోటార్ సైకిల్ మీద వచ్చిన ఇద్దరు, వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ని ఎత్తుకుని పోతారు. నిజానికి అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో వాళ్లే పిల్లవాణ్ని తెచ్చి దింపి, పిల్లలు ఎంత తేలిగ్గా మాయమవుతారో చూడండని హెచ్చరించే అట్ట ఒకటి చూపిస్తారు. ఆ చివరి ముక్క కోసేసి మనకు పంపారు.

ఆ నెలలోనే ఒక రాత్రి తొమ్మిదీ పన్నెండుకు మా గ్రూపులో ఒక మెసేజ్ పడింది. మన చుట్టుపక్కల ఊళ్లలో అయిదుగురు పిల్లలు మాయమయ్యారనీ, ముఠాలో ఆడవాళ్లు కూడా ఉన్నారనీ, బిచ్చగాళ్లలాగా, చీరలమ్మేవాళ్లలాగా వస్తారనీ, కొత్త మనిషి కనబడితే వదలొద్దనీ. కింద ఆ వీడియో. పంపింది మా పెద్దనాయన. రిటైరైన హెడ్‌మాస్టరు. ఊళ్లో సగం మంది ఆయన దగ్గర పలక పట్టినవాళ్లే. నాకు గుణింతాలు దిద్దించింది ఆయనే.

సరిగ్గా అదే సమయానికి నా ముందున్న కంప్యూటర్ తెర మీద అలాంటిదే ఒక ఐటెమ్ ఉంది. వేరే మండలం నుంచి ఒక కంట్రిబ్యూటర్ పంపాడు. ‘పిల్లల దొంగల కలకలం.’ ఏ పిల్లవాడు, ఏ ఊరు, ఎవరు ఫిర్యాదు చేశారు అన్నది లేదు. ఎస్సై వివరణ లేదు. నేను ఫోన్ చేసి అడిగాను. అందరూ అనుకుంటున్నారు సార్ అన్నాడు. అనుకుంటున్నది వార్త కాదని చెప్పి ఆ ఐటెమ్‌ని పక్కన పెట్టేశాను. ఆ పని చేసినందుకు నాకు తృప్తిగా కూడా ఉంది. ఆ తృప్తి ఇంకా చల్లారకముందే ఫోన్ తీసి పెద్దనాయన మెసేజ్ చూశాను.

ఆ మెసేజ్‌ని నేను తీయలేను. ఆయన తీయగలరు. పంపినవాళ్లే అందరి ఫోన్లలోంచీ చెరిపేసుకునే వీలు అంతకు ముందు ఏడాది చివర్లోనే వచ్చింది. మొదట్లో ఏడు నిమిషాలే గడువు ఉండేది, 2018 మార్చిలో దాన్ని గంటా ఎనిమిది నిమిషాలకు పెంచారు. ఇది నాకు తెలుసు. ఆ వార్తను తెలుగు చేసింది నేనే. అంటే పదీ ఇరవై దాకా సమయం ఉంది. ఆయన నంబరు నా ఫోన్లో ఉంది. ఆయన పదకొండు దాకా మేలుకునే ఉంటారు.

నేను ఫోన్ చేయలేదు.

ఎందుకు చేయలేదని ఎన్నోసార్లు తవ్వుకున్నాను. పేజీల హడావుడి అని మొదట్లో చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ గంటలో నేను కిందకు దిగి టీ తాగి వచ్చాను. సోషల్ మీడియా కంపెనీలకు మన ప్రాణాలంటే లెక్కలేదనీ, మన భాషల్లో ఏం జరుగుతోందో పట్టించుకోవనీ అదే టీ బండి దగ్గర ఇద్దరు మిత్రులతో ఆవేశంగా మాట్లాడాను. నిజమైతే ఎట్లా అన్న భయం కొంత ఉంది. అబద్ధమని తీయించాక ఊళ్లో నిజంగానే ఏదైనా జరిగితే ఆ పాపం నా మెడకు చుట్టుకుంటుంది. తీయించకపోతే నన్ను అడిగేవాడు లేడు. అయితే అసలు కారణం అదీ కాదు. గుణింతాలు దిద్దించిన మనిషితో, మీరు పంపింది తప్పు అనడానికి నాకు నోరు రాలేదు. కంట్రిబ్యూటర్ నాకన్నా చిన్నవాడు, నా మీద ఆధారపడ్డవాడు. అతణ్ని అడగ్గలిగాను. పెద్దనాయనను అడగలేకపోయాను. ఏప్రిల్లో కాలనీ కుర్రాణ్ని అసలు అడగనక్కర్లేదనుకున్నాను. ముగ్గురి విషయంలోనూ నేను చూసింది వచ్చిన మాటను కాదు, దాన్ని తెచ్చిన మనిషిని.

పదీ ఇరవై అయింది. మెసేజ్ కింద అప్పటికే ముప్పై దండాలు, ‘మంచి సమాచారం సార్’ అన్న మాటలు.

మూడోరోజు మధ్యాహ్నం మా ఊరి బస్టాండు దగ్గర ఒక ఆడమనిషిని పట్టుకున్నారు. యాభై దాటి ఉంటాయి. మతి స్థిమితం ఉన్నట్టు లేదు. మాట ఎవరికీ అర్థం కాలేదు. తెలుగు కాదు, మా వైపు అందరికీ అంతో ఇంతో వచ్చే కన్నడమూ కాదు. చేతిలో గుడ్డ సంచి ఉంది. సంచిలో ఒక చిన్న గౌను దొరికింది. ఎర్ర పూల గౌను, రెండేళ్ల పిల్లకు పట్టేంతది. దాంతో ఇంక ఎవరికీ ఏ సాక్ష్యమూ అక్కర్లేకపోయింది. ఆమెను కరెంటు స్తంభానికి కట్టేశారు. ఇదంతా నేను గ్రూపులోనే చూశాను. ఫొటోలు, తర్వాత ఒక వీడియో. వీడియోలో మనిషి కనబడడు గానీ గొంతు వినిపిస్తుంది. ‘పిల్లలను ఏడ పెట్టినవ్ చెప్పు’ అని మళ్లీ మళ్లీ అడుగుతోంది. ఆ గొంతు నాకు తెలుసు. మా చిన్నాయన కొడుకుది. నేను ఎత్తుకుని తిప్పిన పిల్లవాడు.

ఆమె బతికింది. అది మా ఊరి మంచితనం వల్ల కాదు. అప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ప్రతి ఊరికీ ఒక కానిస్టేబుల్‌ను కేటాయించి, వాళ్ల నంబర్లు ఊరందరికీ ఇప్పించి ఉన్నారు. ఎండాకాలం అందరూ ఆరుబయట మంచాలు వేసుకునే జిల్లాలో జనం ఉక్కలో తలుపులు బిగించుకుని పడుకుంటున్నారని కానిస్టేబుళ్లు చెబితే, కారణం ఆరా తీసి, డప్పు కళాకారులను పోలీసులతో కలిపి ఊరూరికీ పంపారు. వాట్సాప్‌లో వచ్చిందల్లా నమ్మొద్దని పాటలు కట్టి పాడించారు. ఆ డప్పు అప్పటికి మా ఊరికి ఇంకా రాలేదు, నంబరు మాత్రం వచ్చింది. కిరాణా కొట్టు నడిపే ఒకావిడ ఆ నంబరుకు ఫోన్ చేసింది. ఇరవై నిమిషాల్లో పోలీసులు వచ్చి కట్లు విప్పి తీసుకెళ్లారు. ఆ గౌనులో ఆమె రెండు ఎండిపోయిన రొట్టెలు చుట్టి పెట్టుకుందని తర్వాత తెలిసింది.

అందరూ అట్లా బతకలేదు. ఆ మే నెలాఖర్లో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను ఇదే అనుమానంతో గుంపు కొట్టి చంపింది. ఆ వార్త మా డెస్కులోనే తయారైంది. జులై 1న మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడాలో అయిదుగుర్ని చంపారు. వాళ్లు భిక్షాటన చేసుకునే సంచార తెగవాళ్లు. జులై 13న బీదర్ జిల్లా ముర్కిలో, పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారని హైదరాబాద్ యువకుణ్ని, అతనితో ఉన్నవాళ్లను వెంటాడి కొట్టారు. అతను చనిపోయాడు. ఆ కేసులో అరెస్టయిన వాళ్లలో ఒక వాట్సాప్ గ్రూపు అడ్మిన్ ఉన్నాడు.

ఆ ఆఖరి వాక్యాన్ని పేజీలో పెట్టేటప్పుడు నా చేతులు చల్లబడ్డాయి. స్తంభానికి కట్టేసిన మనిషిని చూసినప్పుడు చల్లబడని చేతులు, అడ్మిన్ అన్న మాట చూస్తే చల్లబడ్డాయి. ఇది చెప్పుకోవడం కష్టంగా ఉంది, అయినా ఇదే నిజం. ఆ రాత్రే గ్రూపును అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చేశాను. ఆ సౌకర్యం అంతకు రెండు వారాల ముందే వచ్చింది. బాధ్యత తెలిసి చేశానని అందరికీ చెప్పాను. చేసింది భయంతో. అయిదు రోజులు గ్రూపులో చప్పుడు లేదు. అయిదోరోజు ఊళ్లో ఒకమ్మాయికి కాన్పులో రక్తం అవసరమైతే, గ్రూపులో పెట్టమని ఆమె అన్న పొద్దున ఏడింటి నుంచి నాకు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. నైట్ డ్యూటీ చేసి పదకొండు దాకా నిద్రపోయాను. కర్నూలులో ఎవరో ఇచ్చారు, తల్లీబిడ్డ బాగున్నారు. లేచాక ముందు చేసిన పని గ్రూపును మళ్లీ అందరికీ తెరవడం.

అదే నెలలో వాట్సాప్ కంపెనీ కూడా కొన్ని మార్పులు చేసింది. వేరేచోటి నుంచి వచ్చిన మెసేజ్ మీద ఆ సంగతి కనబడేలా గుర్తు పెట్టింది. మన దేశంలో ఒకసారికి అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. 2020 ఏప్రిల్లో, కరోనా వచ్చాక, చాలాసార్లు చేతులు మారిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్కరికే పంపేలా చేసింది. ఇవి మంచి పనులని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. అవి వేగాన్ని తగ్గిస్తాయి. అయితే మా పెద్దనాయన పంపింది ఒక్క గ్రూపుకే. ఆయన మాటకు అంతకన్నా వేగం అక్కర్లేదు.

ఈ విషయాల మీద నాకు అభిప్రాయాలు తక్కువేమీ కాదు. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసిన రోజున, మాట్లాడే హక్కు గెలిచిందని సంబరపడినవాణ్ని. ఫేస్‌బుక్ పోస్టు పెట్టినందుకూ, దాన్ని మెచ్చుకున్నందుకూ అరెస్టు చేయడమేమిటని డెస్కులో వాదించినవాణ్ని. మూడేళ్లు తిరిగేసరికి, నీళ్లడిగిన కుర్రాణ్ని తీసేసింది ఈ చేతులే. 2021 ఫిబ్రవరిలో కేంద్రం కొత్త నియమాలు తెచ్చి, ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలనీ, 15 రోజుల్లో తేల్చాలనీ కంపెనీలకు షరతు పెడితే, అంత పెద్ద కంపెనీలకు పదిహేను రోజులెందుకని విసుక్కున్నాను. నేను తీసేసిన కుర్రాడు నాకు ఎలా ఫిర్యాదు చేసుకోవాలో నేను చెప్పలేదు. అతను మూడుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. సభ్యులు పెట్టిన పోస్టుకు అడ్మిన్ బాధ్యుడు కాడని 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి, 2022 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు చెప్పాయి. కేరళ తీర్పు వార్తను నేనే మా గ్రూపులో పెట్టాను. చట్టం రీత్యా అది సరైన తీర్పేనని నా నమ్మకం. నాకు కలిగిన ఊరట మాత్రం చట్టం గురించి కాదు. ఆ ఎర్ర పూల గౌను నా లెక్కలోంచి పోయిందన్నట్టు ఊపిరి పీల్చుకున్నాను.

తెలుగు తెలియని యంత్రాలు మన మాటల్ని ఏం అర్థం చేసుకుంటాయన్నది నేను తరచూ చేసే ఇంకో వాదన. ఆ వాదన ఇప్పటికీ తప్పని అనుకోవడం లేదు. మా అవ్వ నన్ను ‘సచ్చినోడా’ అని పిలవని రోజు లేదు. అన్నం పెట్టేటప్పుడు కూడా అదే పిలుపు. ఏ నిఘంటువు చూసినా అది తిట్టే. ‘కాలనోళ్లు’ అన్న మాటను ఏ నిఘంటువులో చూసినా తిట్టు కాదు. కాలనీలో ఉండేవాళ్లని అర్థం. కానీ మా గ్రూపులో ఆ మాట ఎవరు, ఎప్పుడు, దేని వెనక రాస్తారో తెలిసినవాడికి అది చెంప మీద కొట్టడమే. ఆ రోజు ఫొటో కింద ఇద్దరు రాశారు, ‘కాలనోళ్లకు ఈ మధ్య నోరు లేస్తున్నది’ అని. యంత్రానికి అది దొరకదు. నాకు చదివిన క్షణంలో దొరికింది. ఎవరి నోటి నుంచి ఎందుకు వచ్చిందో, వాళ్ల తాతలు ఏ మాట అనేవారో కూడా తెలుసు. ఆ ఇద్దరూ ఇప్పటికీ గ్రూపులో ఉన్నారు. భాష తెలిసిన, మనుషులు తెలిసిన ఒకడు ఉంటే చాలు, అన్నీ సరిగ్గా నడుస్తాయని నేను నమ్మి చెబుతూ వచ్చాను. మా గ్రూపులో అలాంటివాడు ఒకడు ఉన్నాడు, నేనే. ఎవరూ తెలియకపోతే యంత్రం తప్పు చేస్తుంది. అందరూ తెలియడం వల్లనే నేను చేశాను. ఎవరికి కోపం వస్తే నా ఇంటికి పెళ్లిపత్రిక రాదో, ఎవరికి కోపం వచ్చినా నాకేమీ కాదో, ఆ లెక్క నా వేలికి కంఠతా వచ్చు.

2019 సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు పెద్దనాయన దగ్గర కూర్చున్నాను. వేపచెట్టు కింద కుర్చీ, పక్కన చెంబు, ఒళ్లో పేపరు. గాలిపటాల పిల్లలు గోల చేస్తున్నారు. ఆ మెసేజ్ అబద్ధమని నాకు ఆ రాత్రే అనుమానమని, ఎందుకో ఆ రోజు చెప్పేశాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. అద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు.

‘నాకు మా తోటి సారు పంపిండు. ముప్పై ఏండ్ల స్నేహం. ఆయన అబద్ధం పంపుతడా అనుకున్న,’ అన్నారు. కాసేపాగి, ‘నీకు తెలిసి ఊకున్నవా? ఆ రాత్రే ఒక్క ఫోన్ జేస్తే తీసేస్తుంటి గదరా. నాకు తీసేసుడు రాదు గానీ మనవడు ఇంట్లనే ఉండె.’

‘మీకు చెప్పేంతవాణ్నా అని,’ అన్నాను.

‘నీకు చదువు చెప్పింది అందుకేనారా?’ అన్నారు. కోపంగా అనలేదు. నిజంగా అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. రూళ్ల కాగితం మీద ఆయన చేతిరాత. నల్లబల్ల మీద రాసినట్టే గుండ్రటి అక్షరాలు, వాక్యం చివర గట్టిగా పొడిచిన చుక్క. పోయిన ఏడు తాను పంపిన సమాచారం అబద్ధమని, విచారించకుండా పంపడం తన తప్పని, దాని వల్ల ఒక ఆడమనిషి దెబ్బలు తిన్నదని, అందుకు ఊరి ముందు తలవంచుతున్నానని రాసి, కింద సంతకం, తేదీ. డెబ్బై దాటిన హెడ్‌మాస్టరు, తన దగ్గర పలక పట్టినవాళ్లందరి ముందు. ఎవరూ ఏమీ రాయలేదు. నేనూ రాయలేదు. ఆ కాగితం కింద నా సంతకం కూడా ఉండాలని తెలుసు. ఆయన 2021లో పోయారు. ఆ కబురు గ్రూపులో నేనే పెట్టాను.

కాలనీ కుర్రాడు ఇప్పుడు కుర్రాడు కాదు. గద్వాలలో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. పోయిన దసరాకు ఊళ్లో జమ్మి దగ్గర ఎదురుపడ్డాడు. అన్నా బాగున్నవా అని అతనే పలకరించాడు. అలయ్ బలయ్ తీసుకున్నాక, ఏడేళ్లుగా గొంతులో ఉన్న మాట చెప్పాను. నీ ఫొటో నిజం, నేను ఒక్కమాట కూడా అడక్కుండా నిన్ను తీసేశాను, ఫోన్ చేస్తే ఎత్తలేదు, తప్పు చేశాను అని. అతను నవ్వలేదు, పర్వాలేదనీ అనలేదు.

‘అప్పుడు మా అమ్మ అడిగిందన్నా, ఏమన్నరు పెద్దలు అని. నెట్ వస్తలేదు అని చెప్పిన,’ అన్నాడు.

నీళ్లు వస్తున్నాయా ఇప్పుడు అని అడిగాను. ఆ ప్రశ్న అడగాల్సిన రోజు ఏదో ఇద్దరికీ తెలుసు. మిషన్ భగీరథ పైపు పడ్డాక వస్తున్నాయన్నాడు. తల్లి మూడేళ్ల క్రితం పోయిందన్నాడు. ఆ ఫొటో ఉందా అంటే, ఆ ఫోన్ ఎప్పుడో పాడైందన్నాడు. నా పాత ఫోన్లో ఉందేమో వెతికి పంపుతానన్నాను. ఉంది. పంపాను. రెండు నీలి గీతలు పడ్డాయి.

మళ్లీ మా గ్రూపులో చేరమని ఆ రోజే అడిగాను. కాలనీకి వేరే గ్రూపు ఉందన్నా, దాంట్ల అన్నీ తెలుస్తున్నయి అన్నాడు. అయితే నన్ను అందులో చేర్చుకోమన్నాను. అడ్మిన్‌గా కాదు, ఊరికే ఉంటానన్నాను. అతను కాసేపు జమ్మి ఆకు వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడ్డాడు.

‘అందర్ని అడిగి చెప్తనన్నా,’ అన్నాడు.

ఉగాది కూడా దాటింది. ఇంకా ఏమీ చెప్పలేదు.